13 ఏళ్ల ఆవు, 5 సూదులు, నిలవని చూడి

ప్రశ్న: మాది పి.గన్నవరం మండలంలో ఒక లంక ఊరు. మాకో జెర్సీ క్రాస్ ఆవు ఉంది. 11 ఏళ్ల కిందట రెండు పళ్ల మీద (సుమారు రెండేళ్ల వయసులో), చూడితో ఉండగా మా నాన్న కొని నాకు ఇచ్చారు. ఇప్పటికి 8 ఈతలు. ఈ సంక్రాంతికి వారం ముందు ఎనిమిదోసారి ఈనింది. ఈనిన రాత్రి లేవలేకపోతే డాక్టరు గారు వచ్చి నరానికి కాల్షియం ఎక్కించారు, తెల్లారేసరికి లేచింది. మాయ మాత్రం పడలేదు. మూడో రోజున ఊళ్లో ఒకాయన చెయ్యి పెట్టి లాగేశారు. ఆ తర్వాత 5 సార్లు చూడి సూది (కృత్రిమ గర్భధారణ) వేయించాం, నిలవలేదు. కేలండర్లో గుర్తు పెట్టిన తేదీలు ఇవి: మే 5, మే 26, జూన్ 17, జూలై 25, ఆగస్టు 14. మళ్లీ సెప్టెంబరు 4న ఎదకొచ్చింది, విసుగొచ్చి వేయించలేదు. ఎదలో జారే తీగలో తెల్లటి నలకలు కనిపిస్తున్నాయి. పడుకుని లేచినప్పుడు వెనక నుంచి మూత్రం లాంటిది జారుతోంది. సూది వేసే అబ్బాయి రెండుసార్లు "గన్ (వీర్యం వదిలే గొట్టం) లోపలికి పోవట్లేదండి" అన్నాడు. ఇప్పుడు పూటకి 2 లీటర్లు ఇస్తోంది. ముసలిదైపోయి గొడ్డుపోయింది, తోలేయమని అందరూ అంటున్నారు. మా అత్తగారు ఒప్పుకోవడం లేదు. హార్మోన్ ఇంజెక్షన్లు వేయిస్తే నిలుస్తుందా? దీని పెయ్యకి రెండేళ్లు నిండాయి, ఇంకా ఎదకి రాలేదు. ముసలి ఆవు కడుపున పుట్టింది కాబట్టి ఇదీ అంతేనంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందుగా మీ కేలండరుకి ఒక నమస్కారం. పశువుల డాక్టరుగా నా సర్వీసంతా గౌతమికీ వైనతేయకీ మధ్య ఊళ్లలోనే గడిచింది. సూది ఎప్పుడు వేయించారని అడిగితే "మొన్నామధ్యండి", "కాలువ కట్టేసినప్పుడండి", "మా తోడికోడలు వచ్చిన వారమండి" అనేవాళ్లే ఎక్కువ. మీరు తేదీలు రాసి పంపారు. సగం సంగతి వాటిలోనే ఉంది.

ఆవు 21 రోజులకోసారి ఎదకొస్తుంది, రెండు మూడు రోజులు అటూ ఇటూ. మీ తేదీల మధ్య ఎడం లెక్కేశాను: 21, 22, 38, 20, 21. 13 ఏళ్ల ఆవు ఇంత క్రమంగా ఎదకొస్తోందంటే అండాశయాలు ఇంకా పని మానలేదు. కాబట్టి గొడ్డుపోయిందన్న మాట ఇప్పుడే అనక్కర్లేదు.

ఆ 38 చూడండి. మధ్యలో ఒక ఎద మీ కళ్లు తప్పి పోయిందనుకుంటే 42కి దగ్గరగా పడాలి. 38కి వచ్చిందంటే, జూన్ 17న వేసిన సూదికి చూడి నిలిచి, పిండం రెండు వారాలు దాటి బతికి, తర్వాత పోయి ఉండొచ్చు. అంత చిన్న పిండం పోతే బయటికి ఏమీ పడదు, లోపలే కరిగిపోతుంది. మనకి మాత్రం "నిలవలేదు" అనే తెలుస్తుంది. అసలు కట్టకపోవడం వేరు, కట్టి పోవడం వేరు. జూలైలో మీ లంకకి వరద నీళ్లు వచ్చాయా? పశువుల్ని ఏటిగట్టు మీదికి తోలారా? తోలి ఉంటే ఆ తడి, ఆకలి, నిలబడ్డచోటే నిలబడ్డ రాత్రులు కూడా లెక్కలోకి వస్తాయి.

ఇంకో తేదీ మే 26. రోహిణి కార్తె. ఆ ఎండల్లో పడుచు ఆవులకే సరిగ్గా నిలవదు. ఒంట్లో వేడి పెరిగితే అండమూ దెబ్బతింటుంది, అప్పుడే కట్టిన పిండమూ దెబ్బతింటుంది. జెర్సీ, హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) లాంటి విదేశీ జాతుల రక్తం కలిసిన వాటికి మరీను. మే 5 మాటా అంతే. ఐదు సూదుల్లో రెండింటిని ఎండ ఖాతాలో రాయొచ్చు, ఒకటి వరద ఖాతాలో రాయొచ్చేమో. అన్నీ ముసలితనం నెత్తిన రుద్దడం న్యాయం కాదు.

అలాగని వయసు ఏమీ చేయలేదని కాదు. చేసింది, కానీ ఒక్కచోట కాదు.

ఆవు పుట్టినప్పుడే దాని అండాశయాల్లో లక్షకు పైగా అండాలు గింజల్లా ఉంటాయి. తర్వాత కొత్తవి చేరవు. నాలుగేళ్ల దాకా పెద్దగా తరగవు, అక్కడి నుంచి తగ్గుతూ, 15 ఏళ్లు దాటేసరికి కొద్ది వేలకి వస్తాయి. నెలనెలా కావలసింది ఒక్కటే కాబట్టి లెక్కకి కొదవ ఉండదు, నాణ్యత దగ్గరే తేడా వస్తుంది. పాత విత్తనాల మూటలో మొలిచేవి తగ్గినట్టు, ముదురు అండాల్లో ఫలదీకరణ జరగనివి, జరిగినా నాలుగు రోజులకే ఆగిపోయేవి ఎక్కువవుతాయి. కెనడాలోని సస్కాచెవాన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2005లో ఒక పరిశోధన ప్రచురించారు. 13, 14 ఏళ్ల ఆవుల్ని వాటి సొంత కూతుళ్ల పక్కనే కట్టి పోల్చారు. మీ కొట్టంలో ఉన్న జంటలాంటివే అనుకోండి. తల్లుల ఒంట్లో అండాల్ని ఎదిగించే ఎఫ్ఎస్‌హెచ్ హార్మోను కూతుళ్లకన్నా ఎక్కువగా ఉంది, అయినా ఎదుగుతున్న అండపుటికలు (అండం పెరిగే తిత్తులు) తక్కువ. ఎడ్లు మొండికేస్తే బండివాడు కేకలు పెంచినట్టు. ఆ పరిశోధన అసలు ఆడవాళ్ల వయసు గురించి తెలుసుకోవడానికి చేసింది. ఆవుకీ మనిషికీ మామూలుగా ఒకసారికి ఒకటే అండం విడుదలవుతుంది కదా, అందుకని.

మామూలుగా ఆవుకి రెండో ఈత నుంచి ఐదో ఈత వరకు చూడి కట్టడానికి మంచి కాలం. పదేళ్లు దాటాక తగ్గుదల కంటికి తెలుస్తుంది.

ఇక గర్భకోశం. మీ ఉత్తరం చదువుతుంటే నాకు అనుమానం అంతా ఇక్కడే. పడుచు పెయ్యని పరీక్ష చేస్తే గర్భకోశం కటి ఎముకల గూట్లోనే, అరచేతిలో ఇమిడేలా ఉంటుంది. దాని మెడ, అంటే ముఖద్వారం, బొటనవేలంత గట్టిగా తగులుతుంది. ఎనిమిది ఈతలు ఈనిన ఆవులో గర్భకోశం ఎముక అంచు దాటి పొట్టలోకి వేలాడుతుంటుంది. చెయ్యి మోచేతి దాకా పోనిచ్చి, బావిలోంచి చేద లాగినట్టు పైకి లాక్కోవాలి. మెడ మణికట్టంత లావవుతుంది. లోపలి వలయాలు వదులై, వంకరపోయి, ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. సూది వేసే అబ్బాయి "గన్ పోవట్లేదు" అన్నది అందుకే. అతన్ని తప్పు పట్టకండి. కానీ గన్ సగం దారిలో ఆగి, అక్కడే వీర్యం వదిలేసి ఉంటే ఆ రెండు సూదుల్నీ సూదులుగా లెక్కేయకూడదు. వీర్యం మెడ దాటి గర్భకోశం మొదట్లో పడాలి. ఈసారి అనుభవం ఉన్న చెయ్యి కావాలి, గర్భకోశాన్ని వెనక్కి లాగి పట్టి, నిదానంగా, తొందర లేకుండా.

పడుకుని లేచినప్పుడు జారేది చాలామటుకు మూత్రమే అయ్యుంటుంది. ఈతలు పెరిగేకొద్దీ కటి దగ్గరి కట్లు సాగి, మలద్వారం లోపలికి పోయి, మానం నిటారుగా ఉండాల్సింది ఏటవాలుగా పడిపోతుంది. అప్పుడు మూత్రం పూర్తిగా బయటికి పోకుండా ముందుకు పారి, యోనిలో గర్భకోశం మెడ దగ్గర మడుగు కడుతుంది. ఆ మడుగు తగిలితే వీర్యకణాలు బతకవు, అది గర్భకోశంలోకి చేరితే పుండు మీద కారం. ఆవు వెనక నిలబడి చూడండి: తోక మొదట్లో రెండు పక్కలా గుంటలు పడ్డాయా, మానం పై భాగం లోపలికి లాక్కుపోయిందా? ఆవు చిక్కితే లోపలి కొవ్వు కూడా కరిగి ఇది ఇంకా ఎక్కువవుతుంది. కాస్త ఒళ్లు చేస్తే కొన్నింటిలో సర్దుకోవడం నేను చూశాను. సూది వేసే ముందు ఆ మూత్రాన్ని బయటికి తీసేయమని అడగండి. గన్‌కి పైన ఇంకో ప్లాస్టిక్ తొడుగు వేసుకుని, మెడ దగ్గర దాన్ని చింపి లోపలికి వెళ్తే మురికి వెంట పోదు.

తీగలో నలకలు. ఎదలో వచ్చే తీగ గుడ్డులోని తెల్లసొనలా, అటుపక్క వస్తువు కనిపించేంత తేటగా ఉండాలి. తెల్లటి నలకలుంటే అది చీము. గర్భకోశం లోపలి పొర వాచి ఉంది. ఆ ఇంట్లో పిండం ఎలా నిలుస్తుంది?

అది మొదలైంది మీరు చెప్పిన ఆ రాత్రే. ఈనిన రోజు లేవలేకపోవడం పాలజ్వరం. పేరే జ్వరం, ఒళ్లు మాత్రం చల్లబడిపోతుంది. ఈనగానే పొదుగు ఒక్కసారిగా రక్తంలోంచి కాల్షియం లాగేస్తుంది. పడుచు ఆవు ఎముకల్లోంచి, పేగుల్లోంచి గబగబా తెచ్చి సర్దుకుంటుంది. వయసు మీదపడ్డ ఆవు అంత తొందరగా తేలేదు. అందుకే ఇది తొలిచూలు వాటికి దాదాపు రాదు, మూడో ఈత నుంచి పెరుగుతూ పోతుంది. కాల్షియం లేకపోతే కండ బిగుసుకోదు, గర్భకోశం కూడా కండే. మాయని తోసేయలేకపోయింది, మురికిని తోసేయలేకపోయింది. ఆ పైన మూడో రోజున చెయ్యి పెట్టి లాగడం. మాయ అంటుకున్న చోట్ల పొర చిరుగుతుంది, బయటి క్రిములు నేరుగా లోపలికి పోతాయి. మాయ పడకపోయినా జ్వరం లేకుండా, మేత తింటూ ఉంటే, దాన్ని లాగకుండా వదిలేయడమే మంచిది. వారం పది రోజుల్లో కుళ్లి అదే ఊడిపడుతుంది. వాసనకి ఓర్చుకోవాలి, అంతే. రాయి కట్టడం, లాగడం వద్దు. మేత మానేసినా, ఒళ్లు కాలినా డాక్టరుకి చెప్పాలి.

మాయ లాగినాయన చేతికి తొడుగు వేసుకోలేదనే అనుకుంటున్నాను. ఈసుకుపోయే రోగం, అంటే బ్రూసెల్లోసిస్ ఉన్న పశువుల్లోనూ మాయ నిలిచిపోతుంది, అది మనుషులకీ అంటుతుంది. మీ ఆవుకి ఉందని అనను. రక్త పరీక్ష ఒకటి చేయించండి, అది తేలేదాకా పాలు పొంగు వచ్చేలా కాచుకోండి. ఆయనకి విడవకుండా జ్వరం, చెమటలు, కీళ్ల నొప్పులు ఉంటే డాక్టరుకి ఈ సంగతి చెప్పమనండి.

ఇప్పుడు చేయాల్సింది. ఆరో సూది వద్దు, ముందు పరీక్ష. ఎద వెళ్లిన 8 నుంచి 10 రోజుల మధ్య డాక్టరు గారికి చూపించండి. ఆసుపత్రికి తోలడం కష్టమైతే 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుంది, కానీ ఇలాంటి పరీక్ష నిదానంగా జరగాలి, ఆసుపత్రిలో ఊచల మధ్య కట్టి చూడటమే నాకిష్టం. ఆ రోజుల్లో అండాశయం మీద, అండం విడుదలైన చోట ఏర్పడే పసుపు ముద్ద చేతికి తగులుతుంది. అది తగిలితే దాన్ని కరిగించే ప్రోస్టాగ్లాండిన్ ఇంజెక్షన్ చేస్తారు. మూడు నుంచి ఐదు రోజుల్లో ఆవు ఎదకొచ్చి, మెడ తెరుచుకుని, చీము బయటికి పోతుంది. కడుపు కడగడం కంటే ఇదే మేలని నా అభిప్రాయం. అవసరమైతే లోపలికి యాంటీబయాటిక్ పెడతారు. ఆ ఎద వదిలేయండి. తర్వాతి ఎదలో తీగ తేటగా వస్తేనే వేయించండి. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున. ముసలి ఆవులో అండం ఆలస్యంగా విడుదలవడమూ ఉంది కాబట్టి, మర్నాటికీ ఎద తగ్గకపోతే ఇంకోసారి వేయించండి. అండాన్ని వేళకి విడుదల చేయించే ఇంజెక్షన్ సూదితోపాటే ఇస్తారు, అదీ అడగండి.

హార్మోన్లు అంటే మీరు అడిగింది ఇవేనా, లేక వారం పది రోజులు లోపల పెట్టి ఉంచే పరికరంతో చేసే కోర్సా? ఆ కోర్సు అసలు ఎదకి రాని ఆవుకి. మీది వేళ తప్పకుండా ఎదకొస్తోంది. దానికి ఆ డబ్బు పోయకండి. గర్భకోశం పొరలో మచ్చలు కట్టి, లోపలి గ్రంథులు పూడుకుపోయి ఉంటే ఏ ఇంజెక్షనూ కొత్త పొరని తెచ్చి వేయలేదు. ఎన్ని ఈతలు ఈనితే అంత మచ్చ. ఇది చేతికి తెలియదు, మందు వేశాక వచ్చే ఫలితాన్ని బట్టే తెలుస్తుంది.

నేనైతే గీత ఇక్కడ గీస్తాను: వైద్యం తర్వాత రెండు మంచి ఎదలు, రెండు సరైన సూదులు. నిలవకపోతే ఆపేయండి. నిలిస్తే మూడో నెలలో చూడి పరీక్ష చేయించండి, ఇలాంటి ఆవుకి ఒకసారి కట్టిందని నమ్మి కూర్చోకూడదు. చూడి నిజమైతే వచ్చే ఈతలో మళ్లీ పాలజ్వరం వస్తుందనే అనుకుని సిద్ధపడండి. మనవాళ్లు ఈనే ముందు నెలంతా కాల్షియం టానిక్ తాగిస్తారు, మంచిదనుకుని. అది ఎదురు తిరుగుతుంది. బయటి నుంచి దండిగా వస్తుంటే ఎముకల్లోంచి తీసుకునే అలవాటు ఒంటికి పోతుంది, ఈనిన రోజు ఆ అలవాటే కావాలి. చివరి మూడు వారాలు టానిక్ ఆపి, ఈనిన వెంటనే ఇవ్వండి.

మేత గురించి రెండే మాటలు. ఒట్టి వరిగడ్డి మీద ఉంచితే కాల్షియం, భాస్వరం రెండూ చాలవు, గడ్డిలోని ఆక్జలేట్లు ఉన్న కాల్షియాన్నీ పట్టి ఉంచుతాయి. రోజుకి 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం తవుడు, తెలగపిండిలో కలపండి. ముందు పళ్లు అరిగిపోయి ఉంటాయి, గడ్డి ముక్కలు కోసి వేయండి, వరి కోశాక చల్లిన పిల్లిపెసర, జనుము దొరికితే పెట్టండి. వరద తర్వాత లంకల్లో మేసే పశువులకి కార్జపు జలగలు ఖాయం, నత్తల వల్ల వస్తాయి. దవడ కింద సంచిలా నీరు దిగిందేమో చూసుకోండి. దిగకపోయినా పేడ పరీక్ష చేయించి మందు తాగించండి. చిక్కిన ముసలి ఆవు చూడి కట్టకపోవడానికి ఒక్కోసారి ఈ జలగలే మూలం.

గేదెలున్నవాళ్లు కూడా చదువుతారు కాబట్టి: గేదె అండాశయంలో మొదటి నుంచీ అండాల గింజలు ఆవుకన్నా చాలా తక్కువ, ఎద అరవకుండా, మూగగా పోతుంది. అంచేత ముదురు గేదె విషయంలో "ఇంకో ఎద చూద్దాం" అని కూర్చోకూడదు.

పెయ్య సంగతి. ముసలి ఆవు దూడ ముసలి దూడ అవదు. దానికి దాని అండాలు, దాని గర్భకోశం కొత్తవే. క్రాస్ పెయ్య ఎదకి రావాలంటే వయసు కంటే బరువు ముఖ్యం, 250 కిలోల దగ్గర పడాలి. కాటా అక్కర్లేదు, టైలరు టేపు చాలు. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో తీసుకుని, దాన్ని దానితోనే గుణించండి. దాన్ని భుజం మొన నుంచి పిర్ర ఎముక దాకా ఉన్న పొడవుతో గుణించి, 660తో భాగించండి. చుట్టుకొలత 58, పొడవు 50 ఉందనుకోండి, సుమారు 255 కిలోలు. అంత ఉండి ఎదకి రాకపోతే డాక్టరుకి చూపించాలి. లేకపోతే దాణా పెంచండి, పొట్ట పురుగులకి మందు వేయండి. ఒక్కటి అడగాలి: ఇది కోడెదూడతో కలిసి కవలగా పుట్టిందా? అలా పుట్టిన పెయ్యలు నూటికి తొంభై పైగా గొడ్డువే, వాటి మీద ఖర్చు పెట్టొద్దు.

అత్తగారి మాట. ఆవు ఇప్పుడు రోజుకి 4 లీటర్లు ఇస్తోంది. చూడి లేనప్పుడు పాలు మాన్పించాల్సిన అవసరం లేదు, మేత ఖర్చు తేలేదాకా పిండుకోవచ్చు. ఇలాంటి ఆవులు ఏడాదిన్నర పాటు సన్నగా ఇస్తూనే ఉంటాయి. ఈలోగా పెయ్య చూడి కడితే ఇంట్లో పాలకి ఇబ్బంది ఉండదు, ముసలిది ఎక్కడ ఉండాలన్న సంగతి ఆవిడా మీరూ అప్పుడు నిదానంగా మాట్లాడుకోవచ్చు. నేను మాత్రం ఆవిడతో వాదించను. ఆ కేలండర్లో పెయ్యకి వేరే రంగు పెన్ను వాడండి, మొదటి ఎద తేదీ నాకు రాసి పంపండి.